ఒన్తా మట్టి పాత్రలు: తరచుగా అడిగే ప్రశ్నలు

జపాన్‌లోని ఫుకువోకాలో ఉద్యోగం చేసిన రోజుల్లో కొని తెచ్చుకున్న ఒన్తా పళ్లేలలోనే మా ఇంట్లో రోజూ భోజనం. ఇంటికొచ్చినవాళ్లు పళ్లెం తిప్పి చూసి, వెనక వేలితో రాసి, ఏదో ఒకటి అడగకుండా ఉండరు. జపాన్‌లో ఉంటున్న మనవాళ్లు కొనేముందు ఫోన్ చేసి అడుగుతుంటారు. ఇన్నాళ్లూ విడివిడిగా చెబుతూ వచ్చిన జవాబులన్నీ ఇక్కడ రాస్తున్నాను.

ఒన్తా అంటే ఏమిటి? అది ఎక్కడుంది?

జపాన్ దక్షిణాన ఉన్న పెద్ద దీవి క్యూషూ. అందులో ఓయితా ప్రిఫెక్చర్ (మన రాష్ట్రంలాంటి పాలనా విభాగం), ఆ ప్రిఫెక్చర్‌లో హితా అనే పట్టణం. హితా నుంచి ఉత్తరంగా కొండదారి పట్టి ఓ పదిహేను, పదహారు కిలోమీటర్లు పైకి వెళ్తే ఏటి ఒడ్డున ఇరుకు లోయలో చిన్న పల్లె వస్తుంది. దాని పేరు సరయామ. 'సర' అంటే పళ్లెం, 'యామ' అంటే కొండ. పింగాణీ, మట్టి పాత్రలు చేసే ఊళ్లను ఆ ప్రాంతంలో చాలాచోట్ల ఇలాగే పిలుస్తారు కాబట్టి దీన్ని ఒన్తా సరయామ అంటారు. ఇక్కడ చేసే పాత్రలు ఒన్తా యాకి. 'యాకి' అంటే కాల్చినది. ఒన్తా అని రాసే మూడు అక్షరాలకు చిన్న, జింక, పొలం అని అర్థం. ఆ అక్షరాలు చూసి ఒన్తా అని చదవడం, ముందే తెలియకపోతే, జపాన్ వాళ్లకే కష్టం.

ఎంత పాతది?

1705లో మొదలైంది. కొండకు అవతల, ఇప్పటి ఫుకువోకా ప్రిఫెక్చర్‌లో కొయిషివారా అనే ఊరుంది. అక్కడ 1682 నుంచే పాత్రలు చేస్తున్నారు. అక్కడి నుంచి యనాసె సానెమోన్ అనే పనివాణ్ని పిలిపించారు. హితా వైపు నుంచి కురోకి జూబేయి డబ్బు పెట్టాడు. స్థలం సకామోతో కుటుంబానిది. ఒకరు పని తెచ్చారు, ఒకరు పెట్టుబడి తెచ్చారు, ఒకరు నేల ఇచ్చారు. మూడు వందల ఏళ్లు దాటాక కూడా ఆ ఊళ్లో కుమ్మరి సారె తిప్పుతున్నవాళ్ల ఇంటిపేర్లు ఎక్కువగా ఇవే: యనాసె, కురోకి, సకామోతో.

అప్పట్లో కూడా ఇలా అందమైన పళ్లేలే చేసేవారా?

లేదు. మొదట్లో చేసినవి చుట్టుపక్కల రైతుల ఇళ్లకు కావలసిన సామాన్లు. నీళ్ల తొట్లు, ఊరగాయ జాడీలు, మద్యం పోసుకునే కూజాలు, పక్కకి చిన్న కొమ్ము ఉన్న జాడీలు, నువ్వులు నూరుకోవడానికి లోపలంతా గీతలు పెట్టిన గిన్నెలు. మన అమ్మమ్మల ఇళ్లలో ఆవకాయ జాడీ ఉండేది గుర్తుందా? పైన గోధుమరంగు, కింద తెలుపు, మూతికి గుడ్డ కట్టి అటక మీద పెట్టేవారు. ఒన్తా పెద్ద జాడీని మొదటిసారి చూసినప్పుడు నాకు అదే గుర్తొచ్చింది. రంగులు వేరు, ఊరు వేరు, కానీ ఆ పొట్ట, ఆ మూతి అంచు, రెండు చేతులతో ఎత్తితే తెలిసే ఆ బరువు ఒకటే.

ప్లాస్టిక్, గాజు వచ్చాక జాడీల గిరాకీ తగ్గింది. అదే సమయంలో పట్నాల నుంచి పళ్లేలు, గిన్నెలు, టీ కప్పులు కావాలని అడిగేవాళ్లు పెరిగారు. చేతులు అవే, మట్టి అదే, చేసే వస్తువు మారింది.

వీడియోల్లో నీటితో పైకీ కిందికీ ఊగే పెద్ద దుంగలు కనిపిస్తాయి. అవేమిటి?

వాటిని కరాఉసు అంటారు. 'ఉసు' అంటే రోలు. ఒన్తా గురించి ఒక్క విషయమే తెలుసుకోవాలంటే దీన్నే తెలుసుకోవాలి.

ఒక పొడవాటి దుంగ, మధ్యలో ఇరుసు. దుంగ ఒక చివర తొట్టిలా తొలిచి ఉంటుంది. రెండో చివర కింద రోకలి బిగించి ఉంటుంది, దాని కింద గుంటలో మట్టి. ఏటి నీళ్లను కాలువ తీసి తొట్టిలోకి పారిస్తారు. తొట్టి నిండగానే బరువుకి ఆ చివర కిందికి వంగుతుంది, రోకలి పైకి లేస్తుంది. వంగగానే నీళ్లన్నీ ఒలికిపోతాయి. తొట్టి ఖాళీ అయ్యేసరికి రోకలి దభీమని మట్టి మీద పడుతుంది. మన ఏతాం చూసినవాళ్లకు ఈ తూకం వెంటనే అర్థమవుతుంది. ఏతాం మీద మనిషి నడుస్తాడు, ఇక్కడ ఆ మనిషి చోటులో ఏరు ఉంది, అంతే తేడా.

ఒన్తాలో మట్టి మెత్తగా తవ్వుకుని పిసికేసే మట్టి కాదు. కొండ నుంచి తవ్వి తెచ్చే, ఇనుము ఎక్కువగా ఉన్న గట్టి మట్టి. ఆరబెట్టి ఇందులో వేస్తే రెండు, మూడు వారాలు రాత్రీ పగలూ దంచుతుంది. తర్వాత ఆ పొడిని నీళ్లలో కలిపి, జల్లెడ పట్టి, తేటపరిచి, అడుగున చేరిన బురదను ఆరబెడితే అప్పుడు పనికొచ్చే మట్టి అవుతుంది. ఈ మట్టి సిద్ధం చేసే పనిలో చాలాభాగం ఇంట్లో ఆడవాళ్లదే. సారె ముందు కూర్చున్న మగవాళ్ల ఫొటోలే ఎక్కువ కనిపిస్తాయి కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పాలనిపిస్తుంది. వాళ్లు మట్టి తయారు చేయకపోతే సారె తిరగదు.

ఊళ్లో బస్సు దిగగానే మొదట వినిపించేది ఈ చప్పుడే. దుంగ ఇరుసు దగ్గర కిర్రుమని మూలుగుతుంది, నీళ్లు భళ్లున ఒలుకుతాయి, ఒక్క క్షణం ఏమీ ఉండదు, ఆ తర్వాత దబ్బుమని దెబ్బ. ఒకటి పడేలోపు పైనున్న ఇంకొకటి మూలుగుతుంది. 1996లో జపాన్ పర్యావరణ శాఖ దేశం మొత్తంలో కాపాడుకోవలసిన 100 శబ్దాలను ఎంపిక చేసినప్పుడు ఇది ఆ జాబితాలోకి వెళ్లింది.

కరెంటు మిషన్ పెడితే ఒక్క రోజులో అయిపోతుంది కదా?

అవుతుంది. పక్క ఊళ్లలో పెట్టుకున్నారు కూడా. ఒన్తాలో పెట్టలేదు, దాని వల్ల ఊరు ఊరంతా ఒక పద్ధతిలో నిలబడింది.

ఏటిలో నీళ్లు ఎన్నో అన్ని కరాఉసులే ఆడతాయి. అవి ఎంత దంచితే అంత మట్టి. ఎంత మట్టి ఉంటే అన్ని పాత్రలు. గిరాకీ పెరిగిందని ఒక ఇంటివాళ్లు పది మందిని పనికి పెట్టుకోలేరు, పెట్టుకున్నా వాళ్ల చేతికి ఇవ్వడానికి మట్టి ఉండదు. కొండ మట్టిని కూడా అందరూ కలిసి తవ్వి సమానంగా పంచుకుంటారు. బయటివాళ్లను శిష్యులుగా చేర్చుకోరు. ఇంటికి ఒక్కరే, సాధారణంగా పెద్ద కొడుకు, పని అందుకుంటాడు. అందుకే మొత్తం ఊళ్లో పాత్రలు చేసే ఇళ్లు పదికి మించవు.

ఇది అందరికీ నచ్చే పద్ధతి కాదు. రెండో కొడుకు ఊరు వదలాల్సిందే, ఆడపిల్లకు సారె దక్కడం కష్టమే. నాకు అది బాధగానే ఉంటుంది. కానీ ఒకరు పెరిగి పక్కవాణ్ని మింగేయకుండా ఇంతకాలం అందరూ ఒకే ఏటి మీద బతికారంటే ఈ కట్టుబాట్ల వల్లే అని కూడా ఒప్పుకోవాలి.

సారె, బట్టీ కూడా పాత పద్ధతేనా?

అవును. సారె కాలితో తన్ని తిప్పేది. బట్టీ కొండవాలు మీద మెట్లలా ఒకదానిపై ఒకటి గదులు కట్టిన కట్టెల బట్టీ. కింద గదిలో రాజుకున్న మంట వేడి పైగదులకు పాకుతూ పోతుంది. దాన్ని నొబొరిగామా, అంటే ఎక్కే బట్టీ అంటారు. కొన్ని ఇళ్లకు సొంత బట్టీలున్నాయి, కొన్ని ఇళ్లు కలిసి ఒకే బట్టీ వాడుకుంటాయి. కాల్చడం మొదలుపెడితే రెండు రోజులకు పైగా వంతులవారీగా నిద్ర మానుకుని కట్టెలు వేస్తూనే ఉండాలి.

పళ్లెం నిండా చిన్న చిన్న గాట్లు ఉంటాయి. అవి ఒక్కొక్కటిగా చెక్కుతారా?

అందరూ అడిగే ప్రశ్న ఇదే. ఒక్కొక్కటిగా చెక్కరు. చూస్తుండగానే అయిపోతుంది.

ముదురు రంగు మట్టితో చేసిన పళ్లెం మీద పలుచని తెల్లమట్టి పూత వేస్తారు. కాస్త ఆరి, ఇంకా తడి మిగిలి ఉన్నప్పుడు దాన్ని సారె మీద పెట్టి తిప్పుతారు. చేతిలో వంచిన సన్నటి ఇనుప రేకు ఉంటుంది. పాత గడియారం స్ప్రింగుతో చేసుకున్న రేకైతే బాగా కుదురుతుందంటారు. ఆ రేకు కొసను తిరుగుతున్న పళ్లేనికి ఆనిస్తే, అది స్ప్రింగులా ఎగిరి ఎగిరి పడుతుంది. పడినచోటల్లా తెల్లపూత లేచిపోయి కింద ముదురు మట్టి బయటపడుతుంది. మధ్య నుంచి అంచు దాకా చేయి ఒక్కసారి జరిగేసరికి వందల గాట్లు వరసగా వచ్చేస్తాయి. ఆ చప్పుడు టిరటిరటిర అని ఉంటుంది. ఐదారు క్షణాలు. నేను ఊపిరి బిగబట్టి చూశాను, చేసేవాడు మాత్రం తీసి పక్కనపెట్టి ఇంకో పళ్లెం అందుకున్నాడు.

దీని పేరు తొబికన్నా. 'తొబి' అంటే ఎగరడం, 'కన్నా' అంటే వడ్రంగి చిత్రిక. మట్టి ఎక్కువ తడిగా ఉంటే రేకు దిగబడిపోతుంది, ఎక్కువ ఆరితే పూత పెచ్చులుగా లేస్తుంది. అందుకే వాన రోజు చేసిన గాట్లు, ఎండ రోజు చేసిన గాట్లు ఒకేలా ఉండవు. మీ పళ్లెం మీద గాట్లు ఒకపక్క దట్టంగా, ఇంకోపక్క పలచగా ఉంటే అది లోపం కాదు.

మిగతా నమూనాలు?

తెల్లపూత తడిగా ఉండగానే కుంచెను లయగా ఆనిస్తూ తిప్పితే పువ్వు రేకుల్లా గీతలొస్తాయి, అది హకెమె. వేళ్లతో గీసేవి, దువ్వెనలాంటి పుల్లతో అలలు గీసేవి ఉన్నాయి. గ్లేజును, అంటే కాలాక గాజులా మారే పూతను, గరిటెతో అంచు నుంచి కారనివ్వడం, దూరం నుంచి చిలకరించడం మరో రకం. రంగులు కొన్నే: తేనె రంగు, ఆకుపచ్చ, నలుపు, పాల తెలుపు. కట్టెల బూడిద, గడ్డి బూడిద, ఇనుము, రాగి వంటివాటితోనే ఇవన్నీ వస్తాయి. ఆకుపచ్చ గ్లేజు అంచు మీద నుంచి కారి మధ్యలో ఆగిపోయిన గిన్నె మా ఇంట్లో ఒకటుంది. పెరుగన్నానికి అది తప్ప ఇంకొకటి ముట్టుకోబుద్ధి కాదు.

పాత్ర వెనక చేసినవాళ్ల పేరు ఎందుకు ఉండదు?

ఒన్తా పాత్రల మీద సొంత పేరు వేసుకోరు. ముద్ర ఉంటే ఊరి పేరు ముద్రే ఉంటుంది. మట్టి అందరిదీ, ఏరు అందరిదీ, నమూనాలు ముత్తాతలవి కాబట్టి పేరు కూడా ఊరిదే. అయినా కొంతకాలం వాడితే తేడాలు తెలుస్తాయి. ఫలానా ఇంటివాళ్ల అంచు కొంచెం మందం, ఫలానా ఇంటివాళ్ల గాట్లు సన్నం అని అక్కడి దుకాణాలవాళ్లు చూడగానే చెప్పేస్తారు.

ఇంత మారుమూల ఊరు ప్రపంచానికి ఎలా తెలిసింది?

యనాగి సోయెత్సు వల్ల. పేరులేని పనివాళ్లు మామూలు జనం వాడకం కోసం చేసిన వస్తువుల్లోనే అసలైన అందం ఉందని వాదించిన మనిషి ఆయన. కుమ్మరులు హమాదా షోజీ, కవాయ్ కంజిరోలతో కలిసి 1920లలో దానికి మిన్‌గే అనే పేరు పెట్టారు, అంటే జనం చేతిపని. ఆయన 1931లో ఒన్తా వచ్చి చూసి, దాని గురించి రాశారు. 1954లో ఇంగ్లండ్ కుమ్మరి బెర్నార్డ్ లీచ్ వచ్చి కొన్ని వారాలు అక్కడే ఉండి వాళ్లతో కలిసి పనిచేశారు. ఆ తర్వాత జనం రావడం పెరిగింది. అప్పటిదాకా సగం రోజులు పొలంలో, సగం రోజులు సారె ముందు గడిపినవాళ్లు పూర్తిగా పాత్రల మీదే బతకడం మొదలుపెట్టారు.

పేరు రావడం మేలే చేసిందా అంటే, చాలావరకు చేసింది. అయితే ఊరగాయ జాడీ చేసే ఇంటికి అద్దాల బీరువాలో పెట్టుకునేవాళ్లు రావడం మొదలైతే ఆ వస్తువు దారి తప్పే ప్రమాదం ఉంటుంది. అందుకే నేను కొన్నవాళ్లందరికీ చెప్పేది ఒకటే: దయచేసి దాంట్లో అన్నం తినండి.

భారతదేశానికి ఏమైనా సంబంధం ఉందా?

ఒన్తాతో నేరుగా లేదు. కానీ ఆ ఆలోచనతో ఉంది. ఢిల్లీ బ్లూ పాటరీ స్థాపించిన సర్దార్ గురుచరణ్ సింగ్ 1919లో జపాన్ వెళ్లి, అక్కడ యనాగి, లీచ్, హమాదాల బృందంతో స్నేహం చేశారు. మన దేశంలో స్టూడియో పాటరీకి, అంటే కళాకారులు సొంత పనిశాలలో చేసే మట్టి పాత్రల పనికి, ఆయనే ఆద్యుడు.

మన కుమ్మరి కుండలకూ వీటికీ తేడా ఏమిటి?

ముఖ్యంగా వేడిలో, పూతలో. మన కుండ తక్కువ వేడిలో కాలుతుంది, దానికి గ్లేజు ఉండదు. అందుకే సన్నగా చెమర్చి, వేసవిలో నీళ్లు చల్లబడతాయి. ఒన్తా పాత్ర 1200 డిగ్రీలు దాటిన వేడిలో కాలుతుంది, పైన గ్లేజు గాజులా కరిగి అంటుకుంటుంది. ఇది నీళ్లు చల్లబరచదు, అది పులుసుకి పళ్లెంగా పనికిరాదు. దేని పని దానిది.

కొయిషివారా పాత్రలు కూడా అచ్చం ఇలాగే ఉన్నాయి. ఏది అసలు?

రెండూ అసలే. కొయిషివారా తల్లి ఊరు, ఒన్తా కొండ దాటి వచ్చిన బిడ్డ. తొబికన్నా రెండుచోట్లా ఉంది. కొయిషివారాలో బట్టీలు చాలా ఎక్కువ, సొంత పేర్లతో కొత్త ఆకారాలు ప్రయత్నించేవాళ్లూ ఎక్కువ. దుకాణంలో ఏది నచ్చితే అది తీసుకోండి, ఊరి పేరు మాత్రం అడిగి తెలుసుకోండి.

ప్రభుత్వ గుర్తింపు ఉందా?

1995లో జాతీయ ముఖ్య అమూర్త సాంస్కృతిక సంపదగా, అంటే వస్తువుకి కాక పనితనానికి ఇచ్చే గౌరవంగా, గుర్తించారు, అది ఊరివాళ్ల సంఘానికి ఇచ్చిన గుర్తింపు. 2008లో ఊరు, పక్కనున్న వరి మడులు కలిపి ముఖ్య సాంస్కృతిక దృశ్యంగా చేర్చారు. 2012, 2017 జులైల్లో కురిసిన కుంభవృష్టికి ఏరు పొంగి కరాఉసులు దెబ్బతిన్నాయి. బతుకునిచ్చే ఏరే వాటిని విరగ్గొట్టింది. మళ్లీ దుంగలు తొలిచి నిలబెట్టుకున్నారు.

కొత్తగా కొన్న పాత్రను వెంటనే వాడొచ్చా?

ముందు ఒక పని చేయండి. బియ్యం కడిగిన నీళ్లు పారబోయకుండా పెద్ద గిన్నెలో పోసి, పళ్లెం మునిగేలా పెట్టి, సన్నమంట మీద ఇరవై నిమిషాలు కాగనివ్వండి. స్టవ్ కట్టేసి, నీళ్లు పూర్తిగా చల్లారాకే తీసి కడిగి ఆరబెట్టండి. గంజి మట్టిలోని సన్నటి రంధ్రాల్లో చేరి వాటిని మూసేస్తుంది. జపాన్ ఇళ్లలో ఇది పాత అలవాటు. రోజూ బియ్యం కడిగే మన ఇళ్లలో దీనికి కొత్తగా కావలసిందేమీ లేదు.

పప్పు, పులుసు, పసుపు... మరకలు పడవా?

పడతాయి, నిజం చెప్పాలి. గ్లేజు ఉన్నచోట పసుపు కడిగితే పోతుంది. తొబికన్నా గాట్లలో, గ్లేజులోని సన్నటి పగుళ్లలో కొంచెం నిలుస్తుంది. దానికి ఒక ఉపాయం ఉంది: వడ్డించే ముందు పళ్లేన్ని రెండు నిమిషాలు మామూలు నీళ్లలో ఉంచి, తుడిచి వాడండి. మట్టి ముందే నీళ్లు తాగి ఉంటే పులుసు పీల్చుకోదు. తిన్నాక సింకులో రాత్రంతా వదిలేయకండి. మా తెల్ల పళ్లెం ఇన్నేళ్ల తర్వాత కొంచెం మీగడ రంగుకి తిరిగింది, నాకు అలాగే బాగుంది.

చింతపండు పులుసు తినడానికి వడ్డించుకోవచ్చు. అదే పళ్లెంలో రోజుల తరబడి నిల్వ పెట్టొద్దు.

స్టవ్, మైక్రోవేవ్, డిష్‌వాషర్?

స్టవ్ మీద అసలు పెట్టొద్దు, పగులుతుంది. మైక్రోవేవ్‌లో ఒక నిమిషం వేడి చేస్తే పగలకపోవచ్చు, కానీ మట్టి తడి పీల్చి ఉంటే ప్రమాదమే, నేనైతే పెట్టను. డిష్‌వాషర్‌లో ఒకదానికొకటి తగిలి అంచులు పోతాయి. చేత్తో కడిగి, వెనక పాదం, అంటే పళ్లెం ఆనుకునే అడుగు వలయం, దగ్గర తడి పూర్తిగా ఆరాక సర్దండి. అక్కడ గ్లేజు ఉండదు, తడితో బీరువాలో పెడితే బూజు పడుతుంది. మన కోస్తా వానాకాలంలో దీని మీద ఒక కన్ను వేయండి.

ఏ సైజు కొనాలి?

అక్కడ కొలత సున్‌లలో చెబుతారు. 1 సున్ అంటే దాదాపు 3 సెంటీమీటర్లు. 5 సున్ పళ్లెం టిఫిన్‌కి, 7 సున్ చపాతీలకి, 8 సున్ అన్నం కూరలకి సరిపోతుంది. మనం కలుపుకుని తింటాం కాబట్టి కాస్త లోతు, అంచు ఉన్నది చూసుకోండి. ఒకటే కొనాలంటే 7 సున్ లోతు పళ్లెం కొనండి. వారంలో ఎన్నిసార్లు చేతికొస్తుందో మీరే చూస్తారు.

కొన్ని పళ్లేల మధ్యలో గ్లేజు లేని గుండ్రటి వలయం కనిపిస్తుంది. బట్టీలో ఒకదానిపై ఒకటి పేర్చినప్పుడు అంటుకోకుండా అక్కడ గ్లేజు గీకేస్తారు. అరిగిపోయిన పళ్లెం అనుకుని పక్కన పెట్టేయకండి.

చూడటానికి వెళ్లొచ్చా?

తప్పకుండా. ఫుకువోకా నుంచి హితాకు బస్సులు, రైళ్లు ఉన్నాయి. హితా నుంచి పైకి వెళ్లే బస్సులు రోజుకి చాలా తక్కువ. తిరుగు బస్సు టైము ముందే చూసుకోండి, లేకపోతే టెన్షన్ తప్పదు. అక్టోబరులో రెండు రోజులు పాత్రల సంత జరుగుతుంది, అప్పుడు ఎక్కువ సరుకు, ఎక్కువ జనం. కరాఉసు చప్పుడు తీరిగ్గా వినాలంటే మామూలు రోజే మంచిది. వాకిళ్లలో బల్లల మీద ఆరుతున్న పచ్చి పాత్రలు ముట్టుకోకండి, ఫొటో తీసేముందు ఒక మాట అడగండి. అవి దుకాణాలు మాత్రమే కాదు, వాళ్ల ఇళ్లు కూడా.

అంతదూరం వెళ్లలేని టోక్యో తెలుగువాళ్లు కొమాబాలో యనాగి 1936లో ప్రారంభించిన జపాన్ జానపద హస్తకళల మ్యూజియానికి వెళ్లండి.

అంచు పెచ్చు ఊడింది. పారేయాలా?

వద్దు. చిన్న పెచ్చయితే తడిపిన సన్నటి గరుకు కాగితంతో రుద్ది, పదును పోగొట్టి వాడుకోవచ్చు. రెండు ముక్కలైతే జపాన్‌లో లక్కతో అతికి పైన బంగారు పొడి అద్దేవాళ్లు ఉన్నారు, ఖర్చు పాత్ర ధర కన్నా ఎక్కువే అవుతుంది. మేం అతికించలేదు. ఇల్లు మారినప్పుడు అంచు విరిగిన మా టీ గిన్నె ఇప్పుడు స్టవ్ పక్కన ఉంది, కల్లుప్పు వేసుకుంటున్నాం.